‘నేనే’ అని పాడినందుకు

చిన్నప్పుడు మేకల వెంట తిరిగిన నాకు బడి దక్కలేదు. ఖతార్‌లోని అబూ హమూర్‌లో వంటపనికి వచ్చాక, పక్కింట్లో పనిచేసే కడప సరోజక్క సెలవు పూటల్లో అక్షరాలు దిద్దించింది కాబట్టే ఇది రాయగలుగుతున్నాను. మొన్న గురువారం ఖాళీ నూనె డబ్బా కడుగుతుంటే, దాని మోతకు హాల్లో మేడమ్ కొడుకు పెట్టిన ర్యాప్ పాట తోడై, మా అన్న రాజన్న గొంతు వినబడినట్టయింది.

కాముని పున్నమి, అదే హోలీ, వస్తే మా ఊరి గాలిలో ఇప్పపూల మత్తు, రంగు కోసం ఉడికించిన మోదుగుపూల పచ్చి వాసన, ఇంటింటా దొంగిలించి తెచ్చిన కట్టెలతో వేసిన కాముని మంట పొగ కలిసి ఉండేవి. ఆ పండుగకు కట్టె దొంగిలించినా తప్పు లేదు, పాటలో తిట్టినా తప్పు లేదు. నేను డబ్బా వాయిస్తే అన్న ఊపిరి తిప్పుకోకుండా మాట మీద మాట గుప్పించేవాడు. రౌడీలకు వణికే ఊళ్లో తానే పెద్ద రౌడీనని గొప్పలు పోతూ పాడిన మొదటివాడు అతనే.

‘కట్టెలు మీయి, కుప్ప నాది, కాముని గాల్చింది నేనే
సందమామను సంకల వెట్టి ఎత్తుకపోయింది నేనే
సారా దుక్ణం సప్పుడు లేక సల్లగ గాల్చింది నేనే’

తెల్లారి, ఎవరో పారేసిన బీడీకి సారా దుకాణం నిజంగానే కాలిపోయింది. సారా కంట్రాక్టరూ అతని మనుషులూ పోలీసులతో వచ్చి అన్న రెక్కలు విరిచి పట్టుకున్నారు.

“నేనే అని పాడినవ్ గదరా?” అన్నాడు ఎస్సై.

నేనే అందుకున్నాను: “సందమామను గూడ ఎత్తుకపోయిన అన్నడు సారూ. మరి రాత్రి అది యాడికెల్లొచ్చింది?”

ఎస్సై నవ్వి వదిలేశాడు. కంట్రాక్టరు నవ్వలేదు. “ఇంకోసారి నేనే అను, నాలుక గోస్త” అన్నాడు.

ఎండలు ముదరకముందే అన్న దుబాయ్ పోయిండని ఊరంతా అంది, మా ఊరికి గల్ఫ్ అంతా దుబాయే; దిగింది మాత్రం ఖతార్‌లో. ఇప్పుడు అల్ ఖోర్‌లో కంపెనీ బస్సు నడుపుతాడు. ఆనాటి నుంచి పాడలేదు. ఊళ్లో మోదుగుపూలు ఉడికించేవాళ్లూ లేరట, పండుగ పాట ఫోన్లోంచే వస్తుందట.

ఆ గురువారం సాయంత్రం, తన పాటను కాగితం మీద రాస్తున్నానని అన్నకు ఫోన్ చేశాను.

“గా ‘నేనే’ తీసెయ్యి లచ్చీ. గా కంట్రాక్టరు కొడుకులున్నరు ఇంక.”

“తీసేస్తె పాటల ఏం మిగుల్తది అన్నా?”

“నేను మిగుల్త” అని పెట్టేశాడు.

మర్నాడు పొద్దున డబ్బాను సంచిలో పెట్టుకొని అల్ ఖోర్ బస్సెక్కాను. అన్న గది తలుపు తట్టలేదు; గడప ముందు నిలబడి డబ్బా వాయిస్తూ పాట అందుకున్నాను. ‘సల్లగ గాల్చింది’ దాకా వచ్చి ఆపేశాను. లోపల నల్లా నీళ్ల చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకోకముందే బొంగురు గొంతు బయటికొచ్చింది.

“నేనే.”