నైరుతి గేటు

తిరుపతి దాటి చిత్తూరు పోయే దారిలో కొత్తగా కట్టిన నడక పట్నంలో మాకొక ఇల్లుంది. ఆ పేరు నేను పెట్టింది కాదు. పొలాలు చదును చేసి ప్లాట్లేసినవాళ్లే ముందరి కమాను మీద అంతంత అక్షరాలతో రాయించుకున్నారు. "బండి తాళం యాడ పెట్టినారో మర్చిపోతారు సార్" అన్నాడు ఇల్లు చూపించినతను. నేను ఆ మాటకే పడిపోయాను.

నా భార్య చెట్లనీ బెంచీలనీ చూడలేదు. ఆమెకు బండి నడపడం రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. పెళ్లికి ముందునుంచీ తన కాళ్ల మీద తను బస్టాపుకు నడిచి, బస్సెక్కి బడికి పోయి పాఠాలు చెప్పి వస్తున్న మనిషి. "బస్సు యాడ ఆగుతాది?" అని అదొక్కటే అడిగింది. అతను వెనక గోడలో ఉన్న చిన్న గేటు తీసి చూపించాడు. అవతల పాత ఊరు, టీ అంగడి, కూరగాయల అంగడి, దాని పక్కనే బస్టాపు. "సరే, కొందాం" అంది. నేను ఇల్లు కొన్నాను. ఆమె ఆ గేటు కొనుక్కుంది.

ఇళ్ల చుట్టూ గుండ్రంగా వేసిన నడకదారిలో నేను రోజూ తిరుగుతుంటే కొన్నాళ్లు హాయిగా గడిచింది. ఒక పొద్దున మా ఇళ్లవాళ్ల సంఘం అధ్యక్షుడు ఆ నడకదారిలోనే కాలు జారి పడ్డాడు. నడిచే దారికి నున్నటి గ్రానైటు పరిచి, రోజూ పొద్దున్నే దాన్ని నీళ్లతో కడిగిస్తే ఎవరైనా పడతారు. పరిపించిందీ కడిగిస్తున్నదీ ఆయనే. పుత్తూరుకు పోయి విరిగిన కాలికి కట్టు కట్టించుకున్నాడు, వచ్చేటప్పుడు ఒక వాస్తు సిద్ధాంతిని వెంటబెట్టుకొచ్చాడు. సిద్ధాంతి ఆ గ్రానైటు మీద గోడ పట్టుకుని జాగ్రత్తగా నడిచి, చిన్న గేటు ముందు ఆగి కళ్లు మూసుకున్నాడు.

"నైరుతిలో వాకిలి పెట్టినారే! కాలు ఇరగకుండా ఏమైతాది అప్పా?" అన్నాడు.

దాంతో మాలో చదువుకున్నవాళ్లందరికీ కళ్లు తెరుచుకున్నాయి. ఒకాయన చక్కెర జబ్బు, ఇంకొకాయన అల్లుడి కోపం, అన్నీ ఆ గేటులోంచే వచ్చాయని తేలిపోయింది. "రోజూ మా ఆవిడ బడికి పోయేది ఆ గేటులోంచేనండీ" అన్నాను సమావేశంలో. ఇన్నాళ్లూ ఆమెకేమీ కానందుకు ఆశ్చర్యపోయారు. వారం తిరక్కుండానే ఇటుకలు పేర్చి పూడ్చేశారు.

ఇక బస్టాపుకు పోవాలంటే కమాను దాటి, లారీలు దూసుకుపోయే పెద్దరోడ్డు అంచున గోడంతా చుట్టి రావాలి. అక్కడ కాలు పెట్టడానికి చోటు లేదు. నేనే బండి మీద దింపడం మొదలుపెట్టాను. నాకు ఆలస్యమైతే ఆమెకూ ఆలస్యమే. ఒకటి రెండుసార్లు బస్సు తప్పి, హెడ్మాస్టరుతో మాటలు పడి వచ్చింది. "బడి మానేస్తాలే. మీ మాదిరే ఈడ గుండ్రంగా తిరుగుతా ఉంటా" అంది. అరిచి ఉంటే భయపడేవాణ్ణి కాదు. మెల్లగా చెప్పింది.

రాజీనామా రాస్తుందనుకుంటే, మర్నాడు సిద్ధాంతికి ఫోన్ చేసింది.

"సామీ, గోడకు నిచ్చెన ఆనిస్తే దోషముండాదా?"

"నిచ్చెన వాకిలి కాదు గదమ్మా. ఏం లేదు, పెట్టుకోండి" అన్నాడాయన.

సంఘం ఏకగ్రీవంగా ఒప్పుకుంది. గోడకు ఇవతలొకటి, అవతలొకటి ఇనప నిచ్చెనలు వెలిశాయి. పర్యావరణానికి మంచిదని వాటికి పచ్చరంగు కూడా వేయించారు. మొదటి రోజు కట్టు కాలితో కుర్చీలో కూర్చుని అధ్యక్షుడే పర్యవేక్షించాడు. నా భార్య చీర కుచ్చెళ్లు ఎగదోపి, క్యారియర్ సంచి భుజానికి తగిలించుకుని ఎక్కింది. ఈ వయసులో, ఆ మోకాళ్ల నొప్పులతో గోడెక్కుతుంటే చూడలేకపోయాను.

"దిగిరా, నేను దింపుతా" అన్నాను.

గోడ మీద నుంచి నా వైపు చూసింది. "మీరు ఆడనే నడుస్తా ఉండండి. నాకు పోవాల్సిన చోటు ఒకటి ఉండాది" అని అవతలికి దిగిపోయింది.

కాసేపటికి బస్సు హారన్ వినబడింది. నేను నడకదారి మీద ఒక చుట్టు పూర్తిచేసి, మళ్లీ ఆ గోడ దగ్గరికే వచ్చాను.