ఓడ బేరం

తొంభైల్లో పాలమూరులో మా కంప్యూటర్ సారు వాళ్లమ్మకు కంప్యూటర్ ఆటల పిచ్చి ఉండేదంటారు. అబద్ధం. పిల్లలమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆ అమ్మకు ఉన్నది బేరం పిచ్చి. సముద్రపు దొంగల ఆటలో ఆమెది చిల్లులు పడిన చిన్న పడవ. పెద్ద ఓడ కొందామని రేవుకు వెళ్లి, ధర చూసి, కూరగాయల బండి దగ్గరలాగే మూతి తిప్పుకుని వచ్చేసేది.

"కొనెయ్ ఖాలా! బయట శత్రువులున్నరు, మునుగుతవ్. కంప్యూటర్‌కు బేరం తెల్వదు" అని నేను పోరేదాన్ని.

"తెల్వనోడు దుకాణమెందుకు పెట్టిండు బిడ్డా? జర ఆగు, వాడే పిలుస్తడు."

ఒకరోజు శత్రువుల ఫిరంగి దెబ్బలకు తెరచాప చిరిగింది. పడవ ఎలాగో మళ్లీ రేవుకు చేరింది. ఓడ ధర నిజంగానే తగ్గింది! ఖాలా నావైపు కనుబొమ్మ ఎగరేసి, ఓడ కొని, మిగిలిన డబ్బుతో ఫిరంగులు బిగించింది.

ఆ ఆటలో ధరలు మారడం మామూలేనని సారు అన్నాడు. నేను ఒప్పుకోను. ఆ ఆట రాసినవాడు కనబడితే అడగాలి: నాయినా, నీకు బేరం నేర్పింది మీ అమ్మేనా?