ఈశాన్యం మూలలో బూడిద

పాతికేళ్లుగా మట్టిని పరీక్షించడమే నా ఉద్యోగం. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఎవరు ఇల్లు మొదలుపెట్టినా ఓ సంచెడు మట్టి పట్టుకుని నా దగ్గరికొస్తారు. చెప్పింది వింటారు. వినని మనిషి ఒక్కతే, మా అక్క.

వత్సవాయి దగ్గర అక్క వాళ్లది నల్లరేగడి నేల. పత్తికి బంగారం, ఇంటికి శని. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పాత ఇంటి గోడల పగుళ్లలో చెయ్యి పట్టేది. వాటిలో చీర పీలికలు కుక్కి, పైన సున్నం పూసి ఇన్నేళ్లు నెట్టుకొచ్చింది. వాన మొదలైతే చాలు, మంచం గోడకు దూరంగా లాక్కునేది. కొత్తిల్లు కట్టుకునేటప్పుడు నన్ను ఒక్కటే అడిగింది: "గోడ పక్కన భయం లేకుండా పడుకోవాలే. అంతే."

అందుకు మార్గం నాకు తెలుసు. నందిగామ వైపు రైసు మిల్లుల వెనక ఊక బూడిద గుట్టలుగా పడి ఉంటుంది. గాలికి లేచి జనం కళ్లలో పడుతుంది. తీసుకుపోతే అదే పదివేలంటారు మిల్లువాళ్లు. ఆ బూడిద, కాస్త సున్నం రేగడిలో కలిపి, నీళ్లు చల్లి, పొరలు పొరలుగా దిమ్మిసతో కొడితే ఆ మట్టి పొగరు అణుగుతుంది.

"పునాదిలో బూడిదేమిటే, తెలివితక్కువదానా! ఇల్లు బూడిదైపోదూ?" అంది అక్క.

"రోజూ నుదుటిన పెట్టుకునేదేమిటి?"

"అది విభూతి. ఆవుపేడది. నీ మిల్లు బూడిదా, అదీ ఒకటేనా?"

రెండు వారాలు పోట్లాడాను. చివరికి "నీ ఇష్టం, నా ఖర్మ" అంది. హమ్మయ్య, గెలిచాననుకున్నాను. మూడు రోజులు దగ్గరుండి పోయించాను. నాలుగో రోజు ఆఫీసు పని మీద నందిగామ వెళ్లాల్సొచ్చింది. మిగిలింది ఒక్క మూలే కదా, మేస్త్రీ చూసుకుంటాడులే అనుకున్నాను.

గృహప్రవేశమైంది. మొదటి వానాకాలం దాటలేదు, దేవుడి గది గోడ కిటికీ దగ్గర నుంచి ఏటవాలుగా పగిలింది. మిగతా ఇల్లంతా నిక్షేపంగా ఉంది. ఊళ్లో మాత్రం ఒకటే మాట: "బూడిద పోస్తే పగలక ఏమవుద్దండీ?" ఇల్లు కట్టబోతున్న ఇద్దరు నన్ను చూసి పక్క సందులోకి తిరిగిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది.

పలుగు తెప్పించి ఆ గోడ పక్కనే తవ్వించాను. పునాది కింద జిగట నల్లమట్టి, బూడిద ఆనవాలే లేదు. నాలుగడుగులు ఇవతల తవ్వితే నేను పోయించిన పొర రాయిలా ఉంది.

మేస్త్రీ తల గోక్కున్నాడు. "నన్నేం చెయ్యమంటారండీ? ఈశాన్యంలో బూడిద వద్దన్నారు అక్కగారు. తవ్విన మట్టే పసుపునీళ్లు చల్లి పోయించారు."

"నాతో ఒక్క మాట చెప్పి చావొచ్చుగా!" అని అక్క మీద అరిచాను.

"చెబితే ఊరుకునేదానివా? దేవుడి మూలలో ఎలా పోస్తానే!"

ఊరుకునేదాన్ని కాదు, నిజమే. ఆ కోపంలోనే దేవుడి గదిలోకి వెళ్లాను. పటాల వెనక, ఆ పగులులో కొత్తగా కుక్కిన చీర పీలిక కనిపించింది. ఇంకేం అరవను? ఆ మూల కింద కొంచెం కొంచెంగా తవ్వి, బూడిద కలిపిన మట్టి కూరితే గోడ నిలుస్తుందని మాత్రం చెప్పాను. 

"శనివారం వేదాద్రి గుడికి వెళ్తున్నా. నాలుగు రోజులు అక్కడే ఉంటా" అంది అక్క. "నా కళ్ల ముందు మాత్రం వద్దు."

"సరే."

"పోసేముందు పసుపునీళ్లు చల్లు. అది నీ పనికి అడ్డం కాదుగా?"

"కాదే" అన్నాను. "ఎలాగూ నీళ్లు చల్లాలి."