ముఖం మీద అతుకు

జనగామలో మా దుకాణం ఎంత ఇరుకంటే, లోపల రెండు చట్రాలు నిలబెడితే మనిషి పక్కవాటుగా నడవాల్సిందే. చట్రం అంటే చెక్కలకు బిగించిన గుడ్డ. సినిమా హాలు ముందు కనిపించే నిలువెత్తు బొమ్మలను అలాంటి చట్రాల మీదే ముక్కలు ముక్కలుగా వేసేవాళ్లం. హాలు దగ్గర వాటిని కలిపి బిగిస్తే తప్ప హీరో పూర్తి మనిషి అయ్యేవాడు కాదు. మా బండారం బయటపడేదీ అప్పుడే. నుదురు ఒక రంగు, గడ్డం ఒక రంగు. జనం మాత్రం ఏమీ అనేవారు కాదు. వాళ్లొచ్చింది ఫైట్లు చూడడానికి, అతుకులు చూడడానికి కాదు గదా.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం అయిన మరుసటి ఏడాది ఒక బొమ్మ వచ్చింది, నా ప్రాణం తోడెయ్యడానికే. నర్మెట్ట దిక్కు పల్లె నుంచి పట్నం పోయి చదువుకుంటున్న ఒక అబ్బాయి ఆ ఉద్యమంలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఏడాది తిరిగిన రోజున జనగామలో సంతాప సభ పెట్టాలని అతని దోస్తులు అనుకున్నారు. వేదిక వెనక అతని ముఖం ఒక్కటే నాలుగు చట్రాల నిండా ఉండాలన్నారు. చట్రాలు సినిమా హాలువి, సభ కాగానే తిరిగి ఇచ్చెయ్యాలి. చూసి వెయ్యడానికి ఉన్నదల్లా అతని పరీక్ష హాల్ టికెట్ మీది బొటనవేలంత ఫొటో, అదీ నలుపు తెలుపుల్లో. మనిషి రంగు ఏమిటో దేవుడికెరుక.

మా అన్నకు ఆ అనుమానమే రాలేదు. అన్న పని నేర్చింది మహబూబాబాద్‌లో ఒక హాలు పెయింటర్ దగ్గర. ఆయన నేర్పిన ముఖం రంగు ఒకటే, గులాబీ. రాముడికైనా రౌడీకైనా అదే డబ్బా. కింది రెండు చట్రాలు అన్నవి, పై రెండు నావి. నేను చామనచాయ కలిపాను, ఆయన గులాబీ పూశాడు. నా పై చట్రం ఒకటీ ఆయన కింది చట్రం ఒకటీ కలిపి చూస్తే, కనుబొమల మీదుగా గీత పెట్టినట్టు రెండు ముఖాలు. నీ రంగు మార్చు అంటే నీ రంగు మార్చు అని ఇద్దరం పొద్దంతా కొట్లాడుకున్నాం. ఆఖరికి ఆయనే ఒక మెట్టు దిగాడు. ఆయన రంగు చూసి నేను కొంచెం ఎరుపు కలిపాను. నా రంగు చూసి ఆయన కొంచెం మట్టిరంగు కలిపాడు. ఆ జత కుదిరింది. దాన్ని బయట పెట్టి రెండో జత లోపలికి తెస్తే, ఈ చెంపకూ ఆ చెంపకూ సంబంధమే లేదు. పైగా ఒక చట్రం కింద పాత సినిమా హీరోయిన్ ఎర్రచీర ఉంది. హాలువాళ్లు దాని మీద పలచగా సున్నం కొట్టి మా మొహాన పారేశారు. ఎంత పూసినా ఆ ఎరుపు పైకి తేలుతూనే ఉంది. నాకు తిక్క రేగి కుంచె గోడకేసి కొట్టాను. రంగు గోడకు అంటింది తప్ప ఒరిగిందేమీ లేదు.

ఆ గొడవలో ఉండగానే అబ్బాయి తల్లి వచ్చింది. నర్మెట్ట బస్సు దిగి, దారి అడుగుతూ దుకాణం పట్టుకుంది. కూర్చోమంటే గడప మీదే కూర్చుంది. ఏడుస్తుందేమోనని నేను బెదిరాను గానీ, ఆమె ఏడవలేదు. మేస్త్రీ కట్టిన గోడను ఇంటామె చూసినట్టు బొమ్మను కిందికీ మీదికీ చూసింది.

"మొకం మంచిగనే కుదిరింది బిడ్డా. గా నుదుటి మీద గీతేంది?"

"అతుకు అవ్వా. రెండు గుడ్డలు కలిసినకాడ జర కనవడ్తది."

"కనవడొద్దు."

అంతే అంది. సభలో అంత దూరం నుంచి ఎవరికి తెలుస్తుందని అన్న నచ్చజెప్పబోయాడు. ఆమె విననే లేదు. అదే సమయానికి సభవాళ్లు ఇద్దరొచ్చి, అబ్బాయిని కొంచెం తెల్లగా చెయ్యమన్నారు, నాయకుడిలా ఉండాలట. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఒకరికి తెలుపు, ఒకరికి గులాబీ, ఒకరికి గీత కనబడకూడదు. చెయ్యాల్సింది మాత్రం నేను. నాకు ఒళ్లు మండి, అసలు ఆ అబ్బాయి రంగేమిటో ఎవరన్నా చెప్పి చావండి అన్నాను. తల్లి ముందర అనగూడని మాట. నోరు జారిపోయింది.

ఆమె తప్పు పట్టలేదు. కొంగు వెనక్కి తోసి, మోచెయ్యి దాకా చెయ్యి చాపింది.

"నా రంగే వానిది. చూస్కో."

ఆ చెయ్యి చూశాక గానీ మా మట్టిబుర్రలకు వెలగలేదు. పక్క చట్రాన్ని చూసి ఈ చట్రం, దీన్ని చూసి ఇంకోటి అనుకుంటూ పోతే రంగు జారుతూనే ఉంటుంది. నాలుగింటినీ పోల్చి చూడాల్సింది ఆ చెయ్యి ఒక్కదానితోనే. కలిపిన ప్రతి రంగూ ముందు ఆమె చేతి మీద చుక్క పెట్టాం. తడి రంగు మోసం చేస్తుంది కాబట్టి ఆరేదాకా ఆగాం. చుక్క చేతిలో కలిసిపోతేనే చట్రం మీదికి పోయింది. ఎర్రచీర చట్రాన్ని గీకి, తెలుపు మళ్లీ మళ్లీ పట్టించాం. అన్న గులాబీ డబ్బాకు మూతపెట్టి అవతల పెట్టాడు. సభవాళ్లు ఏదో అనబోతే ఆయనే కసిరి పంపాడు. సాయంత్రానికి అవ్వ చెయ్యంతా రంగు చుక్కలే. కిరసనాయిలుతో తుడుస్తానంటే వద్దని బస్సెక్కింది.

సభ రోజు బడి మైదానంలో నాలుగు చట్రాలూ బోల్టులతో బిగించి, నేను గేటు దాకా పరుగెత్తి వెనక్కి తిరిగి చూశాను. ఒక్క ముఖం. అతుకు ఎక్కడుందో నాకే తెలియలేదు. ఆ పనిలో ఉన్నన్నాళ్లూ నాకు అంత సంతోషం మళ్లీ కలగలేదు. కానీ ఎవడన్నా చూస్తేనా? వక్తలు బొమ్మకు వీపు పెట్టి మైకులో అరిచారు. జనం వక్తలను చూశారు. గీత కనబడితే తిట్టేవాళ్లు ఊరంతా ఉంటారు, కనబడకపోతే మెచ్చేవాడు ఒక్కడూ ఉండడు. నేను పళ్లు నూరుతూ కూర్చున్నాను.

జనం వెళ్లిపోయాక, ఇంకా వెలుతురు ఉండగానే, బోల్టులు విప్పబోయాం. తల్లి వేదిక ముందు ఒక్కతే నిలబడి ఉంది.

"గింత పెద్దోన్ని ఇంటికెట్ల తీస్కపోవాలె బిడ్డా?" అని అడిగింది.

చట్రాలేమో మావి కావు. పాత మేకు కూడా పారెయ్యని మా అన్న, జేబులోంచి కత్తి తీశాడు.

"హాలాయనకు నేను చెప్పుకుంట గానీ, కండ్లున్న రెండు గుడ్డలు కోసిస్త అవ్వా. చుట్ట చుట్టి తీస్కపో."

ఆమె గబుక్కున అన్న చెయ్యి పట్టుకుంది.

"కొయ్యకు బిడ్డా. పానం పోయినంక దవాఖానల ఒకపారి కోసి కుట్టిండ్రు. గీ చెవికెల్లి గా చెవిదాక నుదుటి మీద కుట్లే. ఏడాదిసంది నా కండ్లల్ల గవే ఉన్నయి. గియ్యాల్నే వాన్ని గవి లేకుంట చూసిన."

అన్న కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె బస్సు వెళ్లిపోయేదాకా మేం ఆ చట్రాలను ముట్టుకోలేదు.