కారు లోపలి కిర్రు, టకటక

కొన్న మూడో వారంలోనే మా పాత కారు లోపలి నుంచి చప్పుడు మొదలైంది. నేను వేలూరులో ఒక బడిలో లెక్కలు చెబుతాను. గుడియాత్తం నుంచి రోజూ కారులోనే వెళ్ళొస్తాను. పల్లికొండ దగ్గర హైవే ఎక్కేదాకా, గుంత వచ్చినప్పుడల్లా ముందు అద్దం కింద ఎక్కడో కిర్రు కిర్రు, టకటక. హైవే ఎక్కగానే సద్దుమణిగేది. సాయంత్రం మళ్ళీ మొదలు.

వేలూరులో ఒక మెకానిక్కుకి చూపించాను. అతను బానెట్ ఎత్తి చూసి, చక్రాలు ఊపి చూసి, "ఇంజన్లో ఏమీ లేదు మేడం. పాత బండి అంటే అట్లే ఉండాది. పాట కొంచం గట్టిగా పెట్టుకోండి" అన్నాడు. పెట్టుకున్నాను. పాటకీ పాటకీ మధ్య అదే టకటక.

ఒక శనివారం మా అత్త వేలూరులో ఉన్న చెల్లెల్ని చూడాలంది. ఆమెకి అరవై దాటాయి. నలభై ఏళ్ళు మగ్గం మీద లుంగీలు నేసిన మనిషి. నా పెళ్ళయి ఆరేళ్ళయినా మా మధ్య మాటలు తక్కువ. అన్నం తిన్నావా, వానొస్తాంది బట్టలు తీయి, అంతే. గొడవలేమీ లేవు. ఆమె మాట్లాడదు, నాకు ఎలా మొదలుపెట్టాలో తెలియదు. ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చునేది. ఆ రోజు వెనకంతా పిల్లల పరీక్ష పేపర్ల కట్టలు ఉండటంతో ముందు సీట్లోకి వచ్చింది.

ఊరు దాటకముందే నా వైపు తిరిగింది.

"ఏమ్మా, ఇది దినామూ ఇట్లే అరస్తాదా?"

"అవునత్తా. యాడనించి వస్తా ఉండాదో తెలీలేదు."

ఆమె కళ్ళు మూసుకుంది. రెండు గుంతలు దాటాక, "ఒకటి కాదు, రెండు సప్పుడ్లు ఉండాయి" అంది. "ఒకటి రాసుకునేది. ఇంకోటి తట్టుకునేది. మగ్గంలో పలక వదులైతే ఇట్లే అంటాది. మెల్లగా తోలు. గుంత వస్తే తప్పించొద్దు, దాంట్లోకే పోనీ."

రోజూ తప్పించే గుంతల్ని ఆ రోజు వెతికి వెతికి ఎక్కించాను. అత్త డ్యాష్‌బోర్డు మీద ఒక్కో చోటే అరచెయ్యి ఆనించి నొక్కుతూ వచ్చింది. తన ముందున్న గ్లవ్‌బాక్సు అర మూతని నొక్కగానే కిర్రు ఆగిపోయింది.

"చెయ్యి తీయండత్తా!"

తీసింది. కిర్రు. మళ్ళీ నొక్కింది. ఆగింది. నేను స్టీరింగ్ మీద చేత్తో కొట్టి అరిచేశాను. ఆమె మాత్రం నవ్వలేదు. "ఉండు, రెండోది యింకా ఉండాది. దీని యెనకాలే" అంది.

కారు రోడ్డు పక్కకి తీసి ఆపేశాను. ఆ అర ఎలా ఊడదీయాలో ఫోన్లో ఒక వీడియో దొరికింది. రెండు పక్కల గోడల్నీ లోపలికి నొక్కి కిందికి లాగాలట. నేనొక పక్క, ఆమె ఇంకో పక్క నొక్కాం. కదల్లేదు. గట్టిగా లాగితే టప్‌మంది. విరగ్గొట్టామేమో అనుకున్నాను. విరగలేదు, పట్టు వదిలిందంతే. అర మొత్తం ఆమె ఒళ్ళోకి వచ్చి పడింది.

ఆ ఖాళీలోకి చూస్తే, మాకు ముందున్న ఓనరు ఎప్పుడో స్పీకర్లు పెట్టించుకున్న వైర్లు. వాటి చివర బొటనవేలంత ప్లాస్టిక్ ప్లగ్గు దేనికీ తగిలించకుండా వేలాడుతోంది. అత్త దాన్ని వేలితో ఊపింది. పక్కనున్న ఇనప పట్టీకి తగిలి టకటకమంది.

"దొరికినాడు దొంగ!" అని ఆమె పెద్దగా నవ్వింది. ఆమె అలా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. చేతి రుమాలు ప్లగ్గుకి చుట్టి, తన సంచిలోని దారంతో పక్క వైర్లకి బిగించి కట్టింది. లాగి చూశాను, ఇంచు కూడా కదల్లేదు.

ఇక మిగిలింది కిర్రు. వేలూరు బజారులో ఒక హార్డ్‌వేర్ షాపులో, కుర్చీ కాళ్ళ కింద అంటించే మెత్తటి ఫెల్ట్ ముక్కలు అడిగాం.

"ఎన్ని కుర్చీలమ్మా?" అన్నాడు షాపాయన.

"కుర్చీ కాదప్పా, కారు!" అంది అత్త, షాపంతా వినబడేలా.

చెల్లెలి ఇంటి ముందే పని మొదలుపెట్టాం. మొదట అంటించిన ముక్కలు మందమై మూత పడలేదు. పీకేసి, బ్లేడుతో సగానికి చీల్చి, మూత తగిలే అంచుల్లో మళ్ళీ అంటించాం. చెల్లెలు తెచ్చిన కాఫీ చల్లారిపోయింది. "నన్ను చూడను వచ్చినావా, కారుని చూడనా?" అని ఆమె అలిగింది కూడా.

తిరుగు ప్రయాణంలో పల్లికొండ దాటి ఊరి రోడ్డెక్కాక ఇద్దరం ఊపిరి బిగబట్టాం. మొదటి గుంత. ఏమీ లేదు. రెండోది, ఇంకా పెద్దది. ఏమీ లేదు! చక్రాల కింద రాళ్ళు నలిగే చప్పుడు తప్ప కారులో ఏదీ కిక్కురుమనలేదు. ఇద్దరం ఒకేసారి కేక పెట్టాం. పక్కన పోతున్న మోపెడ్ ఆయన తిరిగి చూశాడు.

ఇంటి ముందు ఆపినా అత్త దిగలేదు. నా కాళ్ళ వైపు, గేరు వైపు చూస్తూ కూర్చుంది.

"ఇది తోలేది కష్టమా, అమ్మా?"

"లేదత్తా. నేర్చుకుంటారా?"

"నేర్పిస్తావా?"

సోమవారం నేను బడికి సెలవు పెట్టాను. ఇద్దరం కలిసి ఆమె లెర్నర్ లైసెన్సుకి, అదే ఎల్.ఎల్.ఆర్.కి, ఫోటో తీయించడానికి వెళ్ళాం.