ప్రకాశరావు మాస్టారు రాసుకున్న తప్పు

ప్రకాశరావు మాస్టారు ఇక లేరని గత ఆదివారం ఉదయం ఫోనులో విన్నప్పుడు నమ్మలేకపోయాను. శుక్రవారమే కదా, "ఏంటమ్మా, నీ ల్యాప్‌టాప్‌కి ఊపిరాడుతోందా?" అని ఫోనులో వేళాకోళమాడారు! గుండె ఆగిపోయిందట. మా పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబ్‌ను ముప్పయ్యేళ్లు నడిపిన ఆ సౌమ్యమూర్తి గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రిటైరయ్యాక కూడా రోజూ ల్యాబ్‌కు వచ్చి, పిల్లల పాత ల్యాప్‌టాప్‌లలో లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేసిచ్చేవారు. ఫ్యాన్ హోరెత్తినా, బ్యాటరీ అరగంటకే చతికిలబడినా అందరమూ ఆయన దగ్గరికే పరుగెత్తేవాళ్లం. ముందు కళ్లు మూసుకుని ఫ్యాన్ చప్పుడు వినేవారు. ఆ తరువాత వేడి ఎంతుందో, ఏ ప్రోగ్రాం ప్రాసెసర్‌ను తినేస్తోందో చూసి నోట్‌బుక్‌లో రాసుకునేవారు. ఒకసారికి ఒక్క మార్పే చేసేవారు. ఎవరైనా "తగ్గిందండీ!" అని గంతులేస్తే, "తగ్గిందనకండి, ఎందుకు తగ్గిందో చెప్పండి" అనేవారు. ఆ మాట వింటే మాకు ఒళ్లు మండేది. నాకైతే మరీనూ.

నేనసలే తొందరమనిషిని. డిప్లొమా చివరి ఏడాదిలో నా ల్యాప్‌టాప్ వేడెక్కి ఆరిపోతుంటే, ఇంటర్నెట్‌లో చూసి కరెంటు పొదుపు చేసే ప్రోగ్రాంలు రెండు వేసేశాను. ఒకటి పెట్టిన సెట్టింగును రెండోది మార్చేసేది. మాస్టారు ఒకదాన్ని తీసేశారు. ఫ్యాన్ మోత తగ్గింది. మర్నాడే నా ప్రాజెక్టు వైవా. ఆ హడావుడిలో ఎందుకు తగ్గిందని ఆయన కూడా అడగలేదు.

వైవా మొదలైన పది నిమిషాలకే తెర నల్లబడింది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ ఆరిపోయింది. ఎగ్జామినర్ పెన్నుకు క్యాప్ పెట్టేశారు. ఫెయిలైతే ఏడాదీ పోతుంది, చేతికందిన ఉద్యోగమూ పోతుంది. నాకు ఏడుపొచ్చేసింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న మాస్టారు లోపలికొచ్చి చేతులు జోడించారు.

"తప్పు అమ్మాయిది కాదండి, నాదండి. సెట్టింగులు చూశాను గానీ మూత తీసి చూడలేదు. ఒక్క గంట ఇప్పించండి."

అక్కడే బల్ల మీద న్యూస్‌పేపర్ పరిచి ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పారు. మండపేటలో మా ఇల్లు రైసుమిల్లు వెనకే. గాలి బయటికి పోయే సందుల నిండా తవుడు ధూళి అట్టకట్టి ఉంది! బ్రష్షుతో ఓపిగ్గా దులిపి మూత బిగించారు. ఎగ్జామినర్ మళ్లీ పెన్ను తీశారు. నేను పాసయ్యాను.

ఆ సాయంత్రం నోట్‌బుక్‌లో ఎర్రసిరాతో "నా తప్పు: తగ్గిందని సంతోషపడిపోయాను" అని రాసి నాకే చూపించారు. శిష్యురాలి ముందు అంత నిండు మనసుతో తప్పు ఒప్పుకున్న గురువును నేను మరొకరిని చూడలేదు.

ఇప్పుడా నోట్‌బుక్ నా దగ్గరుంది; ల్యాబ్‌వాళ్లు నాకిచ్చారు. చివరి పేజీలో కడియం నుంచి వచ్చే విద్యార్థిని ల్యాప్‌టాప్ సంగతి రాసి ఉంది: "స్లీప్ నుంచి లేచాక ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంది. కారణం తెలియలేదు." ఆ ల్యాప్‌టాప్ ఇంకా ల్యాబ్ బల్ల మీదే ఉంది. మూడు రోజులు దాని ముందు కూర్చున్నాను. ఒకసారికి ఒక్క మార్పే చేశాను. అందులోని పాత బయోస్, అంటే ఆన్ చేయగానే మెషీన్‌ను నడిపించే మూల ప్రోగ్రాం, మెషీన్ నిద్ర లేచాక ఫ్యాన్‌ను మళ్లీ అదుపులోకి తెచ్చుకోలేకపోతోందని తేలింది. కొత్త బయోస్ వేశాక మోత సద్దుమణిగింది. అలవాటుగా ఫోన్ తీసి, ఆయన నంబరు నొక్కబోయి ఆగిపోయాను.

నా వరకు ఈ లోటు ఇక తీరదు. ఆయన చేతిరాత కింద "తగ్గిందండి, మాస్టారూ" అని రాశాను. ఎందుకు తగ్గిందో కూడా రాశాను. చదివి "ఊఁ" అనడానికి ఆయన లేరు.