నలభై నిమిషాల పాట

ముందే చెబుతున్నాను, నేను పిడికెడు బియ్యాన్ని పుట్టెడు చేసి చెప్పే రకం. అయినా మా డ్రమ్మర్ గురించి ఎంత పెంచినా తక్కువే.

సిరిసిల్లలో అతను మరమగ్గం నడిపేవాడు. గిటార్లు, డ్రమ్ములతో హోరెత్తించే మా నలుగురి పవర్ పాప్ బ్యాండు సాధన కూడా ఆ మగ్గాల షెడ్డులోనే. మగ్గాల మోతలో ఎంత అరిచినా ఊరు తిట్టదు, మా పాట మాకే వినపడదు. మగ్గం దరువుకే అతను డ్రమ్ములు కొట్టేవాడు. అన్నానికి పిలిచినా, భూకంపం వచ్చినా ఒకటే మాట: "గీ పాట అయిపోనీ."

ఒక యేడు మగ్గాలకు పని తగ్గింది. బతుకుదెరువుకు దుబాయి పోవడం అతనికి సుతరామూ ఇష్టం లేదు. అయినా పాస్‌పోర్టు అప్పటికే కోరుట్ల ఏజెంటు చేతిలో ఉంది.

మా మొదటి కచేరీ జగిత్యాల కాలేజీలో. చివరిదీ అదే. ఆఖరి పాట ఎత్తుకుంటుండగా వాళ్ల బావ స్టేజీ పక్కకు వచ్చాడు.

"బామ్మర్దీ, వీసా అచ్చింది. ఏజెంటు ఇప్పుడే రమ్మంటుండు. రేపే విమానమట."

"గీ పాట అయిపోనీ, బావా."

ఇక అవనిస్తేగా! నేను ముగించబోయిన ప్రతిసారీ అతను మళ్లీ మొదటి దరువెత్తుకున్నాడు. అలా నలభై నిమిషాలు. నా గొంతు పోయింది, గిటారు తీగలు తెగాయి, ప్రిన్సిపాల్ రెండుసార్లు నిద్రపోయి లేచాడు. "ఇగ ఆపురా, నీకు దండం పెడత!" అని బావ మొత్తుకున్నాడు.

ఇందులో నేను కల్పించింది ఆ నలభై నిమిషాలే. పాట మూడు నిమిషాలకే అయిపోయింది. అతను డ్రమ్ము కర్రలు నా చేతిలో పెట్టి బావ వెంట నడిచాడు. పాడేవాణ్ని నేనే, ఇంకో చరణం ఎత్తుకోవాలని నాకు తోచలేదు.